రేచల్ కార్సన్‌ను సముద్రం వైపు నుంచి చదవడం

జూన్ 5న ప్రపంచ పర్యావరణ దినోత్సవం వచ్చిందంటే మన పత్రికల్లో రేచల్ కార్సన్ పేరు ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. ఆమె 1962లో ‘సైలెంట్ స్ప్రింగ్’ రాశారనీ, డీడీటీ వంటి పురుగుమందుల వల్ల పక్షులకూ చేపలకూ వాటిల్లుతున్న ముప్పును ఆ పుస్తకం లోకానికి తెలియజేసిందనీ, అమెరికాలో పర్యావరణ ఉద్యమం ఊపందుకోవడానికి అదే కారణమనీ రెండు మూడు వాక్యాలు రాసి ముగిస్తారు. ఆ మాటల్లో అబద్ధం లేదు. కాని ఆ ఒక్క పుస్తకంతోనే ఆమెను తెలుసుకున్నవారికి ఆమె పురుగుమందుల మీద ధ్వజమెత్తిన మనిషిగా మాత్రమే మిగిలిపోతారు. అంతకు ముందు ఆమె మూడు పుస్తకాలు రాశారు, మూడూ సముద్రం గురించినవే. శ్రీకాకుళంలో, కళింగపట్నం రేవుకు ఒక పూటలో వెళ్లి రాగలిగినంత దూరంలో ఉంటున్న నాకు, ఆ మూడింటినీ చదివిన తర్వాతే ‘సైలెంట్ స్ప్రింగ్’ తెరవాలన్న అభిప్రాయం చదివే కొద్దీ గట్టిపడింది. నీటినీ, నీటి వెంట సాగే ప్రాణాన్నీ పాతికేళ్లకు పైగా గమనించిన మనిషి, ఆ నీటిలో విషం కలుస్తోందని తెలిసినప్పుడు రాసిన పుస్తకం అది. ఆ గమనింపు ఎలాంటిదో తెలియకపోతే ఆ హెచ్చరికలోని బరువు సగమే అందుతుంది.

కార్సన్ 1907 మే 27న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్ప్రింగ్‌డేల్ అనే ఊళ్లో, అలెఘేనీ నది సమీపంలో, సముద్రానికి ఎంతో దూరాన పుట్టారు. రచయిత్రి కావాలన్న కోరికతో కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం తీసుకుని, జీవశాస్త్రం చెప్పిన మేరీ స్కాట్ స్కింకర్ అనే అధ్యాపకురాలి ప్రభావంతో మధ్యలో ఆ శాస్త్రానికి మారారు. 1929లో డిగ్రీ పూర్తిచేసి, ఆ వేసవిలో వుడ్స్ హోల్‌లోని సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాలకు వెళ్లినప్పుడే, ఇరవై రెండేళ్ల వయసులో, ఆమె మొదటిసారి సముద్రాన్ని చూశారు. 1932లో జంతుశాస్త్రంలో ఎంఏ పట్టా అందుకున్నా పై చదువు సాగలేదు. 1935లో తండ్రి పోయారు. 1937లో అక్క చనిపోతే ఆమె ఇద్దరు కూతుళ్ల పెంపకం కూడా తల్లి మీదా, ఈమె మీదా పడింది. ఇల్లు గడవడానికి ఆమె ప్రభుత్వ మత్స్యశాఖలో చేరి, మొదట చేపల గురించి రేడియో ప్రసంగాలు రాశారు. శాఖ ప్రచురణ కోసం రాసిన ఒక వ్యాసాన్ని చూసిన పై అధికారి, ఇది ప్రభుత్వ కరపత్రానికి తగింది కాదు, ‘అట్లాంటిక్’ మాసపత్రికకు పంపమని సలహా ఇచ్చారు. 1937 సెప్టెంబరులో అది అచ్చయింది. ఆమె సాహిత్య జీవితం అక్కడ మొదలైంది. పగలంతా ఇతరుల నివేదికలు సరిదిద్దడం, రాత్రిళ్లు సొంత పుస్తకం రాసుకోవడం, ఇలా పదిహేనేళ్లు గడిచాయి. ఇంటి బాధ్యతలు మోస్తూ ఉద్యోగం చేస్తూ రాసే మన రచయిత్రులకు ఈ భాగం ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు.

మొదటి పుస్తకం ‘అండర్ ద సీ విండ్’ 1941 నవంబరు 1న వెలువడింది. అయిదు వారాలు గడిచేసరికి పెర్ల్ హార్బర్ మీద జపాను దాడి జరిగి, అమెరికా యుద్ధంలోకి దిగింది. ఆ గందరగోళంలో పుస్తకాన్ని పట్టించుకున్నవారు లేరు. ఆమె పుస్తకాలన్నింటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. ఇందులో మనుషులు దాదాపు లేరు. తీరపక్షుల కథ మొదటి భాగం, నడిసముద్రంలో ఒక మాకరెల్ చేప కథ రెండవది, నదిలోంచి సముద్రంలోకి వెళ్లే ఒక పాముచేప కథ మూడవది. పక్షికి, చేపకు వాటి శాస్త్రీయ నామాలనే పేర్లుగా పెట్టారు: నీటిని ముక్కుతో కోస్తూ ఎగిరే పక్షి రింకాప్స్, మాకరెల్ స్కాంబర్, పాముచేప ఆంగ్విల్లా. అవి మనుషుల్లాగా మాట్లాడవు, మనుషుల్లాగా ఆలోచించవు. ఆకలి, భయం, నీటి ఒత్తిడి, వెలుతురు, ఉప్పదనం, చలి, వీటితోనే కథంతా నడుస్తుంది. అలా రాయడం ఎంత కష్టమో కలం పట్టినవారికి తెలుస్తుంది. జంతువు నోట మన నీతులు పలికించడం తేలిక. దాని లోకంలోకి మనం వెళ్లి, అక్కడి కొలతలతోనే దాని బతుకు చెప్పడానికి శాస్త్రజ్ఞానమూ కావాలి, అహంకారాన్ని పక్కన పెట్టగల మనసూ కావాలి.

ఈ పుస్తకంలోని జీవులు మనకు పరాయివి కావు. రింకాప్స్ జాతికే చెందిన భారతీయ పక్షి శీతకాలంలో కాకినాడ దగ్గరి ఇసుక మేటల మీద గుంపులుగా దిగుతుంది. ఆంగ్విల్లా జాతికే చెందిన మలుగుపాములు మన నదుల్లోనూ చెరువుల్లోనూ ఏళ్ల తరబడి పెరిగి, గుడ్లు పెట్టడానికి సముద్రంలోకి వెళ్లిపోతాయి. ఇక మాకరెల్ బంధువు కానాగంతను ఎరగని ఇల్లు ఈ తీరంలో ఉండదు. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలతో, వాటి తెలుగు పేర్లతో ప్యాట్రిక్ రస్సెల్ 1803లోనే లండన్‌లో ఒక గ్రంథం అచ్చు వేయించాడు. అందులో కానాగంత కూడా ఉంది. చలికాలంలో కెరటం వెనక్కి తగ్గినప్పుడల్లా దాని వెంట పరుగెత్తి ఇసుకలో ముక్కు పొడిచి, మళ్లీ కెరటం వచ్చేలోగా వెనక్కి పరుగు తీసే బూడిద రంగు చిన్న పిట్టలను కళింగపట్నంలో చూసే ఉంటారు. ఉల్లంకి కుటుంబానికి చెందిన శాండర్లింగ్ పిట్టలవి. కార్సన్ పుస్తకంలో అలాంటి జంట ఒకటి ఆర్కిటిక్ దాకా ఎగిరి వెళ్లి, మంచు తుఫానుకు చిక్కి బతికి బయటపడి, అక్కడ గూడు పెడుతుంది. అది చదివాక మన ఒడ్డున పరుగెత్తే ఆ పిట్టలను చూసే చూపు మారింది. అరచేతిలో పట్టేంత ప్రాణి ఏటా ఉత్తర ధ్రువం అంచుల నుంచి వంశధార మొగ దాకా వస్తోంది.

మాకరెల్ కథలో ఒక చోటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రాత్రివేళ వల వేసిన పడవ మీద ఒక కుర్రవాడు ఉంటాడు. సముద్రంలోకి రావడం మొదలుపెట్టి రెండేళ్లే అయిన అతనికి, నీటి అడుగున ఏముంటుందన్న ఆశ్చర్యం ఇంకా చావలేదు. పడవ బల్లల మీద పడి ఉన్న చేపను చూసినప్పుడు, ఈ కళ్లు లోపల ఏమేమి చూశాయో కదా అన్న ఆలోచన అతన్ని వదలదు. మన తీరంలో తెల్లవారుజామున అలివి వల లాగేటప్పుడు ఈ భాగం నాకు గుర్తుకు వస్తుంది. రెండు తాళ్లను రెండు జట్లు పట్టుకుని, మడమలు ఇసుకలో దిగేలా వెనక్కి వాలి, పాటకు అడుగు కలుపుతూ లాగుతారు. జట్లు రెండూ మెల్లగా దగ్గరకు వచ్చేసరికి, వల నడుమ ఉన్న సంచి ఒడ్డున తేలుతుంది. విప్పగానే కవ్వలు, నెత్తళ్లు, కానాగంతలు, కత్తిలా మెరిసే సావళ్లు, వాటి మధ్య గాజుముద్దల్లాంటి జెల్లీచేపలు ఒక్కసారిగా ఇసుక మీద పడతాయి. కానాగంత వీపు మీది నీలం, ఆకుపచ్చ నిగనిగలు నీటిలోంచి తీసిన కొద్ది నిమిషాల వరకే ఉంటాయి. గంపల దగ్గర వేలంపాట ముగిసే వేళకు ఆ రంగులు సగం వెలిసిపోతాయి. ఒకసారి పక్కన నిలబడ్డ పెద్దాయన ఒకరు, “ఈ సేప ఎక్కడ్నుంచి వస్తాదో, ఎక్కడికెల్తాదో మాకేటి తెలుస్తాది మాస్టారూ, గంగమ్మ తల్లికే ఎరుక” అన్నారు. బతుకంతా చేప మీద ఆధారపడిన మనిషికీ తీరని ఆ ప్రశ్నే కార్సన్ మొదటి పుస్తకానికి మూలం.

రెండవ పుస్తకం ‘ద సీ అరౌండ్ అస్’ 1951 జూలైలో వచ్చింది. ఇది ఆమె బతుకునే మార్చేసింది. ‘న్యూయార్కర్’ పత్రికలో ముందుగా కొన్ని భాగాలు వచ్చాయి. పుస్తకంగా వెలువడ్డాక ‘న్యూయార్క్ టైమ్స్’ జాబితాలో 86 వారాలు నిలిచింది, 1952లో నేషనల్ బుక్ అవార్డు అందుకుంది. ఆ ఊపులో మొదటి పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేస్తే అదీ విరివిగా అమ్ముడుపోయింది. ఆమె ఉద్యోగం మానేసి పూర్తిగా రచనకే అంకితం కాగలిగారు. ఈ పుస్తకం రాసే రోజుల్లోనే, 1949లో, ఆమె ఫ్లోరిడా దగ్గర శిరస్త్రాణం పెట్టుకుని నీటిలోకి దిగారు, ఆల్బట్రాస్ 3 అనే పరిశోధక నౌక మీద ప్రయాణం చేశారు. ఆమెకు సముద్రంతో ప్రత్యక్షమైన పరిచయం మనం ఊహించే దానికంటే తక్కువ. మిగిలినదంతా గ్రంథాలయాల్లో, శాస్త్రజ్ఞుల నివేదికల్లో, ఉత్తరాల్లో సంపాదించుకున్నదే.

ఈ పుస్తకంలోని శాస్త్రం కొంత పాతబడింది, ఆ మాట దాచనక్కరలేదు. చంద్రుడు భూమి నుంచి తెగిపోయాడనీ, ఆ గాయమే పసిఫిక్ మహాసముద్రమనీ ఆనాడు ప్రచారంలో ఉన్న వాదాన్ని ఆమె మొదటి అధ్యాయంలో వివరించారు. ఖండాల ఫలకాలు కదులుతాయన్న సిద్ధాంతం స్థిరపడకముందు రాసిన పుస్తకం కనుక సముద్రగర్భంలోని పర్వతాల గురించి ఆమె చెప్పినదానిని ఈనాటి పాఠ్యపుస్తకంతో సరిచూసుకోవాలి. అయినా సముద్రపు అడుగున అవక్షేపం పేరుకోవడం గురించి ఆమె రాసిన అధ్యాయానికి ముసలితనం రాలేదు. కోట్ల సంవత్సరాలుగా పైనుంచి రాలుతున్న మట్టి రేణువులు, అగ్నిపర్వతాల బూడిద, సూక్ష్మజీవుల గుల్లలు చీకటిలో నిశ్శబ్దంగా అడుగుకు చేరడాన్ని ఆమె ఎడతెగని మంచు కురవడంగా చిత్రించారు. మంచు కురవడం ఎన్నడూ చూడని మన ప్రాంతపు పాఠకుడికి కూడా ఆ అధ్యాయం కళ్లకు కడుతుంది, ఎందుకంటే మన ముందున్న బంగాళాఖాతమే దానికి అతిపెద్ద ఉదాహరణ. గంగా బ్రహ్మపుత్రలు హిమాలయాల నుంచి మోసుకొచ్చిన ఒండ్రు ఈ సముద్రపు అడుగున దాదాపు 3000 కిలోమీటర్ల పొడవున పరుచుకుంది. ప్రపంచంలో ఇంతకు మించిన సముద్రగర్భ ఒండ్రు మేట లేదు. వరద కాలంలో నాగావళి, వంశధారలు ఎర్రగా సముద్రంలో కలిసేటప్పుడు ఈ ఖాతంలోకి మన వంతు మట్టి కూడా చేరుతుంది. భూమి మీద మనం చేసే ప్రతి పనికీ చివరి చిరునామా సముద్రమేనన్న ఊహ ఆ అధ్యాయం చదివినప్పుడే నాకు బలంగా కలిగింది.

ఆ ఊహ కార్సన్‌కు కూడా కలిగిందనడానికి సాక్ష్యం ఉంది. 1961లో ఈ పుస్తకాన్ని మళ్లీ ప్రచురించినప్పుడు ఆమె కొత్త ముందుమాట రాశారు. అణు వ్యర్థాలను పీపాల్లో పెట్టి సముద్రంలో పడేస్తున్నారనీ, అక్కడ ఏం జరుగుతుందో తెలియకుండానే ఆ పని సాగిపోతోందనీ, సముద్ర ప్రవాహాలూ జీవుల ఆహార శృంఖలాలూ ఆ విషాన్ని వేసినచోట ఉంచవనీ అందులో హెచ్చరించారు. ఇది ‘సైలెంట్ స్ప్రింగ్’ కంటే ఏడాది ముందటి మాట. సముద్రం అంతులేనిది, మనిషి దానిని ఏమీ చేయలేడు అని పదేళ్ల కిందట ఆమె కూడా కొంత నమ్మారు. ఆ నమ్మకం పోయిందని ఆమె ఆ ముందుమాటలో నిస్సంకోచంగా ఒప్పుకున్నారు. పర్యావరణ పరిరక్షకురాలు అయిన కార్సన్ అక్కడ మనకు మొదట కనిపిస్తారు.

1955లో వచ్చిన ‘ది ఎడ్జ్ ఆఫ్ ది సీ’ ఒడ్డు గురించిన పుస్తకం. బాబ్ హైన్స్ వేసిన బొమ్మలు దానికి మరో కన్ను. రాతి తీరం, ఇసుక తీరం, పగడాల తీరం అని మూడు రకాల ఒడ్డులను తీసుకుని, ఒక్కొక్క చోట జీవులు ఎలా బతుకుతున్నాయో వివరించారు. భీమిలి దగ్గర రాళ్లున్నా, మన శ్రీకాకుళం తీరం చాలావరకు ఇసుకే కనుక, మన పాఠకుడికి ఆ ఇసుక అధ్యాయం సొంత ఇంటి ముచ్చటలా ఉంటుంది. ఖాళీగా కనిపించే ఇసుక నిజానికి నిండా జనంతో ఉన్న ఊరని ఆమె చూపిస్తారు. కెరటం విరిగి వెనక్కి జారే చోట కాళ్లు తడుపుకుంటూ నిలబడితే, అరికాలి కింద ఏదో కదిలినట్టుంటుంది. వెంటనే దోసిలితో ఇసుక తోడితే బొటనవేలి కొస అంత, గుడ్డు ఆకారంలో, బూడిద రంగులో ఒక చిన్న పీత చేతికి వస్తుంది. దానికి గోళ్లు లేవు, కరవదు. అరచేతిలో కూడా తోక వైపు నుంచి వెనక్కి తవ్వుకుంటూ దూరిపోవాలని చూస్తుంది. కెరటం వెనక్కి మళ్లేటప్పుడు ఇది ఇసుకలో కుదురుకుని, ఈకల్లాంటి రెండు మీసాలను నీటి వాలులోకి చాచి, ఆ నీటిలోని సూక్ష్మజీవులను వడకట్టుకుని తింటుంది. ఒడ్డు పైకీ కిందికీ జరిగినప్పుడల్లా ఈ పీతల గుంపంతా దానితోపాటు జరుగుతుంది. తీరపు పిట్టలకు ఇవే ఆహారం. మా బడి పిల్లలను తీసుకెళ్లినప్పుడు వారు మొదట తోడేది వీటినే. ఎంతసేపైనా విసుగు లేకుండా చూస్తారు.

ఆ పుస్తకం మొదట్లో, రాత్రివేళ ఒంటరిగా ఇసుక తీరంలో టార్చిలైటు వెలుగులో ఆమెకు ఇసుకలో బొరియ తవ్వుకునే ‘ఘోస్ట్ క్రాబ్’ అనే చిన్న పీత కనిపించిన సన్నివేశం ఉంది. సముద్రపు హోరు మధ్య అంత చిన్న ప్రాణి నిలిచి ఉండటం చూసి ఆమె చలించిపోయారు. మన ఒడ్డున రాత్రిపూట టార్చి వేస్తే అలాంటి పీతలు వందలు కనిపిస్తాయి. జనవరి నుంచి మార్చి దాకా వాటితోపాటు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు కూడా కనిపించవచ్చు. ఒక తాబేలు ఒక్కసారికి నూరు గుడ్ల దాకా పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. కుక్కలూ నక్కలూ తవ్వకుండా ఆ గుడ్లను కంచె వేసిన పొదిగింపు కేంద్రాలకు తరలిస్తారు. ఇసుక వేడిని బట్టి లోపల ఆడపిల్లలు పుడతాయో మగపిల్లలు పుడతాయో నిర్ణయమవుతుంది కనుక ఒడ్డు వేడెక్కితే ఆ లెక్కే తారుమారవుతుంది. కూర్మావతారానికి గుడి కట్టుకున్న శ్రీకూర్మం ఉన్న జిల్లా ఇది. అదే జిల్లాలో మరబోట్ల వలల్లో చిక్కి, ఊపిరాడక చచ్చిన తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకు రావడం ఏటా చూస్తున్నాం. గాలి పీల్చడానికి నీటి పైకి రాక తప్పని జీవి వలలో గంటల తరబడి ఉండిపోతే బతకదు. వలకు తాబేలు తప్పించుకునే తలుపు అమర్చడం సాధ్యమే, అమర్చాలన్న నియమమూ ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట ఆపుతున్నాం గాని తాబేళ్లు వచ్చేది అంతకంటే ముందు నెలల్లో. ఆ నెలల్లో ఒడ్డుకు దగ్గరగా మరబోట్లు రాకుండా చూడటం అత్యవసరమని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు ‘సైలెంట్ స్ప్రింగ్’ దగ్గరకు వద్దాం. మసాచుసెట్స్ రాష్ట్రంలో దోమల కోసం విమానాలతో డీడీటీ చల్లితే తన ఇంటి ఆవరణలో పక్షులు చచ్చిపడ్డాయని స్నేహితురాలు ఓల్గా ఓవెన్స్ హకిన్స్ 1958లో రాసిన ఉత్తరం ఆమెను ఈ పనికి పురికొల్పింది. డీడీటీకి పురుగులను చంపే గుణం ఉందని కనిపెట్టిన పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి వచ్చిన కాలమది. ఆ మందును శంకించడానికే చాలా ధైర్యం కావాలి. పుస్తకం 1962 సెప్టెంబరు 27న వచ్చింది. చదువుతున్నప్పుడు సముద్రపు పుస్తకాల రచయిత్రి చేతిరాత ప్రతి పుటలోనూ తెలుస్తుంది, ఎందుకంటే ఆమె విషాన్ని ఒక వస్తువుగా కాక ప్రయాణికుడిగా చూశారు. చేపను ఎలా వెంబడించారో విషాన్నీ అలాగే వెంబడించారు.

కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్ ఉదంతం ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ చెరువు మీద ముసిరే చిన్న దోమలను చంపడానికి డీడీటీకి దగ్గరి బంధువైన డీడీడీని 1949లో నీటిలో కలిపారు. ఏడు కోట్ల వంతుల నీటికి ఒక వంతు మందు మాత్రమే, జాగ్రత్తగా కొలిచి కలిపారు. దోమలు మళ్లీ రావడంతో 1954లో అయిదు కోట్లకు ఒక వంతు చేశారు. ఆ తర్వాత నీట మునిగి చేపలు పట్టే గ్రీబ్ పక్షులు చావడం మొదలైంది. పరీక్షించి చూస్తే సూక్ష్మజీవుల్లో పది లక్షలకు 5 వంతులు, వాటిని తినే చేపల్లో 40 నుంచి 300 వంతులు, చేపలను తినే చేపల్లో 2500 వంతుల దాకా, గ్రీబ్‌ల కొవ్వులో 1600 వంతుల మందు ఉంది. నీటిలో చూస్తే మందు జాడే లేదు. అది నీటిలోంచి ప్రాణుల్లోకి వెళ్లిపోయింది. మిచిగన్‌లో ఎల్మ్ చెట్ల మీద చల్లిన డీడీటీ ఆకులతో రాలి, ఆకులు తిన్న వానపాముల్లో చేరి, మరుసటి వసంతంలో ఆ వానపాములను తిన్న రాబిన్ పక్షులను చంపింది. పదకొండు పెద్ద వానపాములు చాలు ఒక రాబిన్ ప్రాణం తీయడానికి. కెనడాలోని మిరమిషీ నదీ ప్రాంతంలో అడవి పురుగుల కోసం 1954లో చల్లిన మందు నదిలోని సాల్మన్ పిల్లలను తుడిచిపెట్టింది. ఆ పిల్లలే పెరిగి సముద్రంలోకి వెళ్లవలసినవి.

ఇలాంటి ప్రయాణం మన కళ్ల ముందూ జరిగింది. మా చిన్నతనంలో ఊరి చివర పశువు కళేబరం పడితే రాబందులు దిగేవి. ఇప్పుడు దిగవు. పశువుల నొప్పులకు ఇచ్చే డైక్లోఫినాక్ కళేబరంలో మిగిలి, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడై చనిపోతున్నాయని 2004లో శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని మన ప్రభుత్వం నిషేధించింది. అప్పటికి దేశంలో రాబందులు చాలావరకు పోయాయి. ఆ మందు తయారు చేసినవారికి గాని, పశువుకు ఇచ్చినవారికి గాని రాబందులతో ఏ వైరమూ లేదు. కార్సన్ చెప్పినది సరిగ్గా ఇదే.

వరి పండించే మన రైతులకు ఆమె పుస్తకంలో తప్పక చదివి వినిపించవలసిన అధ్యాయం మరొకటి ఉంది. మందు కొడితే పురుగు తగ్గకపోగా కొన్నిసార్లు పెరుగుతుందని, దానిని అదుపులో పెట్టే సాలీళ్లు, ఇతర మిత్రపురుగులు ముందుగా చచ్చిపోవడమే కారణమని ఆమె ఉదాహరణలతో నిరూపించారు. మన పొలాల్లో సుడిదోమ విషయంలో జరుగుతున్నది అచ్చంగా ఇదే. సుడిదోమ గుడ్లు వరి దుబ్బులో ఆకు తొడిమ లోపల దాగి ఉంటాయి. పైన మందు కొట్టినప్పుడు సాలీళ్లూ, సుడిదోమ గుడ్లను పీల్చే నల్లులూ చస్తాయి, లోపలి గుడ్లు మాత్రం బతికి బట్టకట్టి, శత్రువు లేని పొలంలో పిల్లలవుతాయి. రైతు మళ్లీ కొట్టుకు వెళ్లి ఇంకా ఘాటైన మందు తెస్తాడు. ఖర్చు పెరుగుతుంది, చేలో మందు పెరుగుతుంది, కాలువ వెంట అది ఎటు పోతుందో చెప్పనక్కరలేదు.

కార్సన్ మాటల్లో లేనిది ఆమెకు అంటగట్టేవారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. ఆమె డీడీటీని నిషేధింపజేసి మలేరియాతో లక్షల మందిని చంపారన్న ఆరోపణ ఇంటర్నెట్‌లో తరచుగా కనిపిస్తుంది. పురుగులు మోసే వ్యాధులను అరికట్టవద్దని ఆమె ఎక్కడా అనలేదు. మందును విచ్చలవిడిగా వాడితే దోమలకు తట్టుకునే శక్తి వచ్చి, అసలు అవసరమైనప్పుడు అది పనిచేయకుండా పోతుందని ఆమె హెచ్చరించారు. అమెరికా 1972లో డీడీటీని నిషేధించింది. భారతదేశం 1989లో వ్యవసాయంలో దాని వాడకాన్ని నిలిపివేసి, మలేరియా నివారణకు మాత్రం అట్టిపెట్టుకుంది. 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందం కూడా వ్యాధి నివారణకు ఆ మినహాయింపు ఇచ్చింది. విజయనగరం, శ్రీకాకుళం ఏజెన్సీ గ్రామాల్లో ఇళ్ల గోడలకు దోమల మందు కొట్టే సిబ్బందిని చూసి పెరిగినవారికి ఈ తేడా అర్థమవుతుంది. గోడకు కొట్టడం వేరు, విమానంతో ఊరంతా కుమ్మరించడం వేరు.

ఈ పుస్తకం రాస్తున్న కాలంలో ఆమెకు రొమ్ము క్యాన్సరు ఉంది. ఆ సంగతి శత్రువుల చేతికి ఆయుధం కాకూడదని బయటికి చెప్పలేదు. మేనకోడలు చనిపోగా ఆమె చిన్న కొడుకును దత్తత తీసుకుని పెంచుతూనే ఈ పని చేశారు. 1963 మే నెలలో అధ్యక్షుడి శాస్త్ర సలహా సంఘం నివేదిక ఆమె వాదాన్ని బలపరిచింది. జూన్‌లో ఆమె సెనేట్ ఉపసంఘం ముందు సాక్ష్యమిచ్చారు. 1964 ఏప్రిల్ 14న, 56 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

‘సైలెంట్ స్ప్రింగ్’లో ఆమె ఫ్రెంచి జీవశాస్త్రజ్ఞుడు జాన్ రోస్తాన్ మాట ఒకటి ఉదహరించారు: భరించవలసిన బాధ్యత మనదైనప్పుడు తెలుసుకునే హక్కూ మనకుంటుందని దాని సారాంశం. సోంపేట బీల కథ తెలిసినవారికి ఆ మాట విలువ వేరే చెప్పాలా? వర్షాకాలంలో నీరు నిలిచి, వేలమందికి చేపలూ గడ్డీ పంటనీరూ ఇచ్చే తంపర నేలను బీడుభూమిగా చూపించి, థర్మల్ కేంద్రానికి ఇచ్చినప్పుడు అక్కడి రైతులూ మత్స్యకారులూ ఎదురు తిరిగారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పీళ్ల సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ నేల తడినేల అని అక్కడి వారు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు. అడిగి, విని, రాసుకునేవారు ముందే ఉంటే ఆ ప్రాణాలు దక్కేవి.

కార్సన్ పేరు తలచుకునేవారు మరో విషయంలో ఆమె క్రమశిక్షణను కూడా పాటించాలి. ఉద్దానంలో వేలాది కుటుంబాలను కుంగదీస్తున్న మూత్రపిండాల వ్యాధికి పురుగుమందులే కారణమని కొందరు తీర్మానంగా రాసేస్తున్నారు. నీరు, ఎండలో పని, నొప్పి మాత్రలు, రసాయనాలు, ఇలా ఎన్నో అనుమానాల మీద పరిశోధనలు జరిగాయిగాని ఒక్క కారణం ఇంకా రుజువు కాలేదు. రుజువైనదానినీ అనుమానాన్నీ కార్సన్ ఎన్నడూ కలిపి చెప్పలేదు. ఆ ప్రాంతపు రోగులకు న్యాయం చేయాలంటే కావలసింది అలాంటి ఓపికే.

‘సైలెంట్ స్ప్రింగ్’ చివరి అధ్యాయం మరో దారి గురించినది, దానిని ఎవరూ తలచుకోరు. మగ ఈగలను వంధ్యం చేసి వదలడం ద్వారా కురసావ్ దీవిలో 1954లో పశువుల పుండ్లలో పెరిగే స్క్రూవార్మ్ ఈగను లేకుండా చేసిన సంగతి, పురుగులను తినే పురుగులు, వాటికి జబ్బు చేసే సూక్ష్మజీవులు, ఇవన్నీ ఆమె అక్కడ ఆశతో వివరించారు. ఉద్దానం కొబ్బరితోటల్లో నల్లతల గొంగళి కోసం బదనికలను వదలడం, కొమ్ముపురుగు కోసం పేడగుంటల్లో బూజు మందు కలపడం చూసినవారికి ఆ అధ్యాయం ఊహాలోకం కాదు. బదనిక చీమకంటే చిన్నది. గొంగళిని వెతికి పట్టుకుని, కుట్టి, దాని ఒంటిమీదే గుడ్లు పెడుతుంది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు గొంగళిని పీల్చి పెరుగుతాయి. ఒక తోటలో వదిలినవి పక్క తోటకు కూడా వెళతాయి కనుక ఊరంతా ఒకేసారి చేయవలసిన పని ఇది, ఒక్క రైతు చేతిలో ఉన్నది కాదు.

చదవాలనుకునేవారికి నా సలహా ఇది. తీరం దగ్గర ఉండేవారు ‘ది ఎడ్జ్ ఆఫ్ ది సీ’లోని ఇసుక అధ్యాయంతో మొదలుపెట్టి, ఆ తర్వాత ‘అండర్ ద సీ విండ్’కు వెళ్లండి. ‘ద సీ అరౌండ్ అస్’ 1961 ముందుమాట ఉన్న ప్రతి దొరికితే అదే తీసుకోండి. ‘సైలెంట్ స్ప్రింగ్’ను ఆఖరున చదవండి, చదివాక పుస్తకం చివర యాభై పేజీలకు పైగా ఉన్న ఆధారాల పట్టికను దాటవేయకుండా తిరగేయండి. పుస్తకం వెలువడక ముందే ఒక రసాయన కంపెనీ దావా వేస్తామని ప్రచురణకర్తలను బెదిరించింది. ఆ దావా ఎన్నడూ పడలేదు.